మీ బోరు నీళ్లు ఎండితే ఏ ఉప్పు సరస్సు అవుతాయి?

గుంటూరులోనో విజయవాడలోనో బోరు నీళ్లు పరీక్ష చేయించుకున్నవాళ్లు చాలామంది రిపోర్టులో టీడీఎస్ అంకె ఒక్కటి చూసి, కాగితం మడిచి బీరువాలో పడేస్తారు. టీడీఎస్ చెప్పేది నీళ్లలో ఎంత ఉప్పు ఉందన్నదే. ఏ ఉప్పు ఉందో అది చెప్పదు. అసలు సంగతి అదే కాగితంలో ఇంకో రెండు వరుసల్లో ఉంటుంది: టోటల్ హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం కలిపి), టోటల్ ఆల్కలినిటీ (బైకార్బనేట్, కార్బనేట్ కలిపి). ఆ రెండింటిలో ఏది పెద్దదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆ నీళ్లే బయటికి దారి లేని పల్లంలో చేరి ఏళ్ల తరబడి ఎండితే అక్కడ సోడా (సోడియం కార్బనేట్) సరస్సు తయారవుతుందా, జిప్సం (కాల్షియం సల్ఫేట్) గట్టు తయారవుతుందా అన్నది ఇప్పుడే చెప్పొచ్చు. పొలంలో అవే నీళ్లు ఏం చేస్తాయో కూడా దాన్నిబట్టే తెలుస్తుంది. రెండూ ఒకే లెక్క.

ముందు సరస్సు సంగతి. ఉప్పు సరస్సు కావాలంటే నీళ్లు బయటికి పోయే దారి ఉండకూడదు. వచ్చే ఏరు ఎంత తీపి నీళ్లు తెచ్చినా ఫరవాలేదు. లీటరుకి 200 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు మనకి చక్కటి మంచినీళ్లే. కానీ ఆవిరైపోవడం తప్ప వేరే దారి లేనప్పుడు నీళ్లు పైకి పోతాయి, లవణం కిందే ఉండిపోతుంది. మన కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రంలోకి దించేస్తుంది. అందుకే అంత లోతు తక్కువ సరస్సు అయినా, మన ఎండలకి కూడా, అది మంచినీటి సరస్సుగానే నిలిచింది. వేసవిలో కొల్లేరు నీళ్లు ఉప్పగా మారాయంటే అది పైనుంచి వచ్చే నీళ్లు తగ్గి సముద్రపు నీరు ఉప్పుటేట్లో ఎగదన్నడం వల్ల. ఎండి చిక్కబడటం వేరు, అది వేరు. రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సుకి ఉప్పుటేరు లాంటిది లేదు. వానాకాలంలో ఏర్లు తెచ్చిన నీళ్లు అక్కడే ఎండాలి.

అలా చిక్కబడుతున్న నీళ్లలోంచి మొదట విడిపోయేది దాదాపు ఎప్పుడూ కాల్సైటే, అంటే కాల్షియం కార్బనేట్. కెటిల్ అడుగున, గీజర్ రాడ్ మీద, ట్యాపు మూతి చుట్టూ తెల్లగా కట్టే గార అదే. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నం కోసం కాల్చే రాయీ అదే. నీళ్లలో కాల్షియం బైకార్బనేట్‌తో కలిసి కరిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కినా, చిక్కబడినా, గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయినా కార్బనేట్ పెరిగి కాల్షియంని పట్టుకుని కిందికి దిగుతుంది.

ఇక్కడే మలుపు. కాల్షియం, కార్బనేట్ జతలు జతలుగా దిగిపోతాయి. జత కుదిరినంతవరకు రెండూ పోతాయి. మొదట్లో ఏది తక్కువుందో అది దాదాపుగా అయిపోతుంది. మిగిలినదానికి ఇక పోటీ ఉండదు కాబట్టి నీళ్లు ఎండేకొద్దీ పెరుగుతూనే పోతుంది. మొదట్లో తేడా నూటికి ఐదు పాళ్లే అయినా ఫలితం ఇదే. నీళ్లు వందరెట్లు చిక్కబడ్డాక చూస్తే రెండు పక్క పక్క ఏర్ల నీళ్లు రెండు వేర్వేరు సరస్సులైపోయి ఉంటాయి: ఒకదాంట్లో కాల్షియం బొత్తిగా లేదు, ఇంకోదాంట్లో కార్బనేట్ బొత్తిగా లేదు. 1970లో హార్డీ, యూగ్‌స్టర్ అనే ఇద్దరు భూరసాయన శాస్త్రవేత్తలు బయటికి దారి లేని సరస్సుల ఉప్పునీళ్లన్నిటినీ ఈ చీలికల వరుసగా సర్దిపెట్టారు. మొదటి చీలిక కాల్సైట్ దగ్గర, తర్వాతది జిప్సం దగ్గర. తర్వాతివాళ్లు మెగ్నీషియం సంగతి ఇంకా లోతుగా చూశారు గానీ చట్రం మాత్రం మారలేదు.

లెక్క ఎలా వేయాలో చూద్దాం. మిల్లీగ్రాముల్లో పోల్చకూడదు, ఎందుకంటే ఒక్కో అయాను బరువు, ఛార్జి వేరు. వాటిని మిల్లీ ఈక్వివలెంట్లలోకి, అంటే ఛార్జిల లెక్కలోకి, మార్చాలి. కాల్షియం అయితే 20తో, మెగ్నీషియం 12తో, సోడియం 23తో, బైకార్బనేట్ 61తో, క్లోరైడ్ 35.5తో, సల్ఫేట్ 48తో భాగించండి. హార్డ్‌నెస్, ఆల్కలినిటీ మాత్రం ల్యాబులు కాల్షియం కార్బనేట్ లెక్కలో ఇస్తాయి, వాటిని 50తో భాగిస్తే సరి. రెండూ ఒకే లెక్కలో ఉంటాయి కాబట్టి భాగించకుండా నేరుగా పోల్చుకున్నా తప్పు లేదు.

ఒక ఉదాహరణ. కాల్షియం 60, మెగ్నీషియం 36, సోడియం 184, బైకార్బనేట్ 427, క్లోరైడ్ 177, సల్ఫేట్ 96 మిల్లీగ్రాములు, అన్నీ లీటరుకి. మార్చితే కాల్షియం 3, మెగ్నీషియం 3, సోడియం 8, మొత్తం 14. ఇటు బైకార్బనేట్ 7, క్లోరైడ్ 5, సల్ఫేట్ 2, ఇదీ 14. ఇప్పుడు ఎండబెట్టండి. కాల్షియం 3 తనతోపాటు 3 కార్బనేట్‌ని తీసుకుపోతుంది, 4 మిగులుతుంది. మెగ్నీషియం మొత్తం కార్బనేట్‌గానే దిగదు. కొంత మెగ్నీషియం కలిసిన కాల్సైట్‌గా, కొంత డోలమైట్ లాంటి ఖనిజాలుగా, కొంత సిలికాతో కలిసి బంకమట్టి ఖనిజాలుగా పోతుంది. అంతా కార్బనేట్‌తోనే పోయిందనుకున్నా ఇంకా 1 మిగిలింది. పదిరెట్లు చిక్కబడితే సోడియం 80, క్లోరైడ్ 50, సల్ఫేట్ 20, కార్బనేట్లు 10. ఆ 10కి జోడీ సోడియం ఒక్కటే. అంటే సోడా. పీహెచ్ 9 దాటుతుంది. ఇంకా చిక్కబడిన కొద్దీ ఉప్పూ, సోడియం సల్ఫేటూ, సోడా కలిసిన నీళ్లు తయారవుతాయి. సాంభర్ ఉప్పునీళ్లు సరిగ్గా ఈ కోవకి చెందినవే: తినే ఉప్పు ఎక్కువ, పక్కన సోడియం సల్ఫేట్, సోడియం కార్బనేట్, కాల్షియం మెగ్నీషియం నామమాత్రం.

రిపోర్టు చూసి చప్పున తేల్చుకోవాలంటే మూడే సందర్భాలు. ఆల్కలినిటీ టోటల్ హార్డ్‌నెస్ కంటే ఎక్కువుంటే అది సోడా దారి. ఆల్కలినిటీ కాల్షియం హార్డ్‌నెస్ కంటే కూడా తక్కువుంటే ఎప్పటికీ సోడా కాదు, అది జిప్సం దారి పడుతుంది. రెండింటికీ మధ్య ఉంటే మెగ్నీషియం ఏ రూపంలో పోతుందన్నదాన్నిబట్టి అటో ఇటో.

సోడా దారి చివర ఏముంటుందో చూడాలంటే కెన్యాలోని మగాడి సరస్సు. చుట్టూ అగ్నిపర్వతపు రాళ్లు, వాటిలో సోడియం దండిగా, కాల్షియం తక్కువగా ఉంటుంది. వేడి బుగ్గల్లోంచి వచ్చే నీళ్లు ముందే క్షార నీళ్లు. అక్కడ సరస్సు పైన పేరుకునేది ట్రోనా: సోడియం కార్బనేట్, బైకార్బనేట్, నీళ్లు కలిసిన ఖనిజం. దాన్ని తవ్వి కాలిస్తే సోడా యాష్. ఆ వ్యాపారం 1911 నుంచీ నడుస్తోంది, ఇప్పుడది టాటా కెమికల్స్ చేతిలో ఉంది. అమెరికాలోని వయోమింగ్‌లో సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి సరస్సు అడుగున పేరుకున్న ట్రోనా పొరలని ఇప్పటికీ గనుల్లో తవ్వుతున్నారు. మహారాష్ట్రలోని లోణార్ కూడా క్షార సరస్సే, పీహెచ్ 10 దాకా ఉంటుంది. ఉల్క పడ్డ గుంటలో నిలిచిన సరస్సు అది. 2020 జూన్‌లో నీళ్లు గులాబీ రంగుకి తిరిగితే వార్తల్లో రకరకాల కథలొచ్చాయి. ఎండకి నీళ్లు తగ్గి ఉప్పు పెరిగితే, ఉప్పుని తట్టుకునే హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులు పెరిగి ఆ రంగు తెస్తాయి. ఉప్పు మళ్లల్లో పనిచేసేవాళ్లకి ఆ రంగు కొత్త కాదు.

ఇదే దారిలో బోరాన్ ఉన్న వేడి బుగ్గలు కూడా సరస్సులో కలిస్తే వెలిగారం తయారవుతుంది. కంసాలి బంగారం అతికేటప్పుడు చల్లేది అదే. పూర్వం టిబెట్ సరస్సుల నుంచి, లడఖ్‌లోని పుగా లోయ నుంచి వచ్చేది. కాలిఫోర్నియాలో సీర్ల్స్ సరస్సు ఎండిపోయిన మడుగులో ఇప్పటికీ తీస్తున్నారు.

రెండో దారికి సముద్రపు నీళ్లే మంచి ఉదాహరణ. సముద్రం సరస్సు కాదు గానీ, లెక్క అదే, పైగా మనకి సూర్యలంక దగ్గరే. కిలో సముద్రపు నీటిలో కాల్షియం సుమారు 20.6 మిల్లీ ఈక్వివలెంట్లు, బైకార్బనేట్ 2.3, సల్ఫేట్ 56.5. మొదటి చీలికలో బైకార్బనేట్ మొత్తం పోతుంది, కాల్షియం 18 దాకా మిగులుతుంది. రెండో చీలికలో ఆ కాల్షియం సల్ఫేట్‌తో జతకట్టి జిప్సంగా దిగుతుంది. ఈసారి అయిపోయేది కాల్షియం, 38 దాకా సల్ఫేట్ మిగిలిపోతుంది. అందుకే చివరి చేదు నీళ్లలో మెగ్నీషియం క్లోరైడ్‌తోపాటు మెగ్నీషియం సల్ఫేట్, అంటే ఎప్సమ్ సాల్ట్, ఉంటుంది. మృత సముద్రంలో రెండో చీలిక తిరగబడింది: సల్ఫేట్ కంటే కాల్షియం ఎక్కువ. సల్ఫేట్ జిప్సంగా అయిపోయి, మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్ల నీళ్లు మిగిలాయి. అది మూడో దారి.

ఈ వరుసని మేడ మీద చూడొచ్చు, బడి పిల్లలున్న ఇంట్లో మరీ బాగుంటుంది. సూర్యలంక నుంచి 10 లీటర్లు తెచ్చుకోండి, ఏప్రిల్, మే నెలల్లో అయితే మేలు. వానలయ్యాక తెస్తే నదుల నీళ్లు కలిసి సముద్రం పలచబడి ఉంటుంది, అంకెలు కుదరవు. కాలవ మొగ దగ్గర వద్దు, కెరటం పడే చోట పట్టండి. నాలుగు మడతల నూలు గుడ్డలో వడకట్టి, 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న తెల్ల ప్లాస్టిక్ ట్రేలో పోస్తే నాలుగు సెంటీమీటర్ల లోతు వస్తుంది. అల్యూమినియం, ఇనుము వద్దు, ఉప్పునీళ్లు వాటిని తినేసి మురికి తేలుస్తాయి. పైన దోమతెర కట్టండి. గాజు పలక మూస్తే దుమ్ము పడదు సరే, ఆవిరి కూడా పోదు. మే ఎండలో వారం పది రోజుల పని. పొయ్యి మీద మరిగించే ఆలోచన మానుకోండి. వేడి పెరిగే కొద్దీ కాల్షియం సల్ఫేట్ ఇంకా తక్కువ కరుగుతుంది కాబట్టి అడుగున రాయిలా పట్టేస్తుంది, ఉప్పూ జిప్సమూ కలగాపులగమై ఏది ఎప్పుడు దిగిందో తెలియదు.

కొలతకి ఉప్పునీళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో డిగ్రీల్లో చూపే బామే హైడ్రోమీటర్ ఉంటే చాలు, ల్యాబు సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే కొలగ్లాసుతో మిగిలిన నీళ్లు కొలుచుకోండి. సముద్రపు నీళ్లు మూడు, మూడున్నర డిగ్రీల దగ్గర మొదలవుతాయి. 5 లీటర్లకి తగ్గేసరికి ట్రే గోడల మీద సన్నటి తెల్ల పొర కనిపిస్తుంది. అదే కాల్సైట్. 10 లీటర్లకి మొత్తం కలిపినా గ్రాము దాకా వస్తుందేమో, కాబట్టి ఏమీ రాలేదని నిరాశపడొద్దు. ఆ పొర మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలొస్తాయి. రెండున్నర లీటర్ల దగ్గర, హైడ్రోమీటర్ 13 దాటాక, అడుగున మెరిసే సన్నటి సూదులు మొదలవుతాయి. అది జిప్సం. నిమ్మరసానికి బుడగ రాదు, గోరుతో గీస్తే గీత పడుతుంది. లెక్క ప్రకారం 10 లీటర్లలో 15 గ్రాముల పైన ఉంటుంది, కానీ అంతా ఒకచోటే దిగదు, ఉప్పు మొదలయ్యాక కూడా కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది.

నీళ్లు లీటరుకి కాస్త పైన ఉన్నప్పుడు, 24 డిగ్రీల దగ్గర, కదలకుండా వేరే ట్రేలోకి వంచేయాలి. ఈ ఒక్క పని ఆలస్యమైతే ఉప్పులో జిప్సం గింజలు కలిసి పంటికింద ఇసుకలా తగులుతాయి. చినగంజాం ఉప్పు కొఠార్లలో నీళ్లని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుస్తూ పోవడానికి కారణం ఇదే: ఒక మడిలో జిప్సం వదిలేయాలి, తర్వాతి మడిలోనే ఉప్పు దిగాలి. 25.5 డిగ్రీల దగ్గర, అంటే నీళ్లు పదో వంతుకి వచ్చేసరికి, ఉప్పు మొదలవుతుంది.

ఈ దశలో మధ్యాహ్నం గాలి లేనప్పుడు ట్రే పక్కన కూర్చుని ఏటవాలుగా చూడండి. నీటి పైపొర మీద గుండుసూది తలంత చదరాలు తేలుతుంటాయి. ఆవిరి పైనుంచే పోతోంది కాబట్టి ఉప్పు ముందు పైపొరలోనే చిక్కబడుతుంది. నీటి పైపొర బిగువు ఆ గింజని పట్టి నిలబెడుతుంది. కాస్త బరువెక్కగానే అది వెంట్రుకవాసి కిందికి కుంగుతుంది. అప్పుడు పైపొరని తాకేది దాని పై అంచులే, కొత్త ఉప్పు ఆ అంచుల వెంబడే చేరుతుంది. మళ్లీ కుంగుతుంది, మళ్లీ కాస్త వెడల్పాటి చట్రం కడుతుంది. ఇలా మెట్లు మెట్లుగా పెరిగి తిరగేసిన గోపురంలా, లోపల బోలుగా, తయారవుతుంది. గాలి కాస్త వీచి అల లేస్తే మునిగిపోతుంది. అడుగుకి చేరాక అన్నివైపులా పెరిగి ఘనమవుతుంది. ఆ ఘనాన్ని భూతద్దంతో చూస్తే పాలరంగు చారలు, గాజు లాంటి చారలు మార్చి మార్చి ఉంటాయి. ఎండకి వేగంగా పెరిగినప్పుడు చిన్న చిన్న నీటి బిందువులు లోపల చిక్కి పాలరంగు వస్తుంది, నెమ్మదిగా పెరిగినప్పుడు తేటగా ఉంటుంది. పాత సరస్సుల ఉప్పు పొరల్లో చిక్కిన ఇలాంటి బిందువులని పరీక్షించే ఆనాటి నీటి ఉష్ణోగ్రతనీ, అందులోని లవణాల పాళ్లనీ రాబడతారు.

నీళ్లు 300 మిల్లీలీటర్లకి, 29 డిగ్రీల దగ్గరికి, రాగానే ఆపేయండి. అప్పటికి ఉప్పులో నూటికి 80 పాళ్లు దిగిపోయి ఉంటుంది, ఆరితే 200 గ్రాముల పైచిలుకు. ఇంకా ఆశపడి చివరిదాకా ఎండబెడితే మెగ్నీషియం లవణాలు కలిసి చేదెక్కుతుంది, తడి వదలదు. ఉప్పుని మంచినీళ్లతో కడిగితే సగం కరిగిపోతుంది. అప్పటికే ఉప్పుతో నిండిన నీళ్లు, అంటే కరిగినంత ఉప్పు కలిపిన నీళ్లు, చేసి వాటితో కడగాలి. మధ్యలో వాన పడితే కంగారుగా కలిపేయకండి. వాననీళ్లు తేలిక, కాసేపు ఉప్పునీళ్ల మీదే తేలుతాయి. పైపొర మెల్లగా తీసేస్తే చాలావరకు దక్కుతుంది.

ఆ 300 మిల్లీలీటర్లూ ఎందుకు ఎండవన్నది చాలామంది అడిగే ప్రశ్న. నింపాదిగా ఆలోచిస్తే సరస్సుల భూగోళమంతా ఇందులోనే ఉంది. ఉప్పుతో నిండిన నీళ్ల మీద గాలిలో తేమ 75 శాతం కంటే ఎక్కువుంటే ఆ నీళ్లు ఎండవు సరికదా, గాలిలోని తేమనే లాగుతాయి. మెగ్నీషియం క్లోరైడ్‌కి ఆ గీత 33 శాతం. మన కోస్తాలో గాలి అంత పొడిగా ఉండే గంటలు చాలా తక్కువ, ఉన్నా రాత్రికి మళ్లీ తేమ వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ ఉప్పు పండుతుంది గానీ మెగ్నీషియం, పొటాషియం లవణాలు వాటంతటవే పేరుకోవు. మృత సముద్రం చెరువుల్లో పొటాషియం, మెగ్నీషియం కలిసిన కార్నలైట్ దిగుతుందంటే అక్కడి ఎడారి గాలి వల్లే. ఇంట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లేది కూడా ప్రధానంగా అందులో మిగిలిన మెగ్నీషియం వల్లే.

సోడియం సల్ఫేట్ సంగతి వేరు, దానికి ఎండ కంటే చలి ముఖ్యం. తినే ఉప్పు 100 గ్రాముల నీళ్లలో 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరా 36 గ్రాములే, 25 దగ్గరా 36 గ్రాములే, ఇంచుమించు. సోడియం సల్ఫేట్ 0 దగ్గర 5 గ్రాములు కూడా కరగదు, 32.4 డిగ్రీల దగ్గర 50 గ్రాముల దాకా కరుగుతుంది. ఆ 32.4 దాటితే మళ్లీ తగ్గుముఖం. కాబట్టి సల్ఫేట్ సరస్సుల్లో పగలంతా కరిగి ఉన్నది చలి రాత్రి మిరాబిలైట్‌గా, అంటే నీళ్లని తనలో కలుపుకున్న సోడియం సల్ఫేట్‌గా, స్ఫటికమవుతుంది. రాజస్థాన్‌లోని డీడ్వానాలో, కాస్పియన్ సముద్రం పక్కనున్న కరాబొగజ్‌గోల్ మడుగులో సోడియం సల్ఫేట్ పేరుకునేది అందుకే. మనకి ఫ్రిజ్ ఉందిగా: గోరువెచ్చటి 100 మిల్లీలీటర్ల నీళ్లలో 30 గ్రాముల సోడియం సల్ఫేట్ కరిగించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దునకి ఏమీ రాకపోతే గాభరా వద్దు, ఈ లవణానికి మొండికేసే అలవాటుంది. ఒక గింజ వేయండి, నిమిషాల్లో గాజు పుల్లల్లా అల్లుకుంటాయి. ఒక పుల్ల తీసి పళ్లెంలో మేడ మీద పెడితే తనలోని నీళ్లు వదిలేసి తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఆ పొడి థెనార్డైట్. ఒకే లవణం, ఫ్రిజ్‌లో ఒక ఖనిజం, మేడ మీద ఇంకోటి.

ఇక బోరు దగ్గరికి. సోడా దారి నీళ్లు ఇళ్లల్లో మంచిపేరు తెచ్చుకుంటాయి, అదే చిక్కు. నేలలోని బంకమట్టి నీళ్లలోని కాల్షియంని పట్టుకుని బదులుగా సోడియంని వదిలితే, హార్డ్‌నెస్ తగ్గుతుంది గానీ ఆల్కలినిటీ అలాగే ఉంటుంది. సబ్బు బాగా నురగొస్తుంది, గీజర్ గార కట్టదు, కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది. ‘ఆ వీధిలోకెల్లా మా బోరే మంచిది’ అని చెప్పుకునే బోర్లలో ఇలాంటివి చాలా. అవే నీళ్లు నల్లరేగడికి పెడితే, నేలలో ఎండి చిక్కబడి, ఉన్న కాస్త కాల్షియం కాల్సైట్‌గా దిగిపోయి, సోడియం మట్టిని పట్టుకుంటుంది. తడిస్తే మట్టి ఉబ్బి నీరు ఇంకదు, ఎండితే రాయి. అదే కారుచౌడు. పీహెచ్ 8.5 దాటుతుంది. పాలచౌడు వేరు: అందులో కరిగే లవణాలు ఎక్కువ, పీహెచ్ 8.5 లోపు, తెల్లగా పొర కడుతుంది, మంచినీళ్లతో కడిగి మురుగు దించితే పోతుంది.

ఫ్లోరైడ్ కూడా ఇక్కడే ముడిపడి ఉంది. నీళ్లలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటాక ఫ్లోరైట్‌గా, అంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా, దిగిపోతుంది. కాల్షియం కాల్సైట్‌తో ముందే వెళ్లిపోతే ఫ్లోరైడ్‌ని ఆపేవాళ్లుండరు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. తాగేనీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. కాబట్టి ఆల్కలినిటీ ఎక్కువగా, హార్డ్‌నెస్ తక్కువగా వచ్చిన బోరు నీళ్లు తాగుతుంటే ఫ్లోరైడ్ పరీక్ష తప్పకుండా చేయించాలి.

నీళ్లు పట్టే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. మోటారు 15 నిమిషాలు నడిపాక, అవే నీళ్లతో సీసా రెండుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించి, నీడలో ఉంచి ఆ రోజే ల్యాబుకి ఇవ్వాలి. సగం నింపిన సీసా రెండు రోజులు బైకు డిక్కీలో తిరిగితే కాల్సైట్ సీసా గోడకి పట్టేసి, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ రెండూ తక్కువ చూపిస్తాయి. రిపోర్టు వచ్చాక అటు కాల్షియం, మెగ్నీషియం, సోడియం మొత్తాన్నీ, ఇటు బైకార్బనేట్, క్లోరైడ్, సల్ఫేట్ మొత్తాన్నీ మిల్లీ ఈక్వివలెంట్లలో పోల్చండి, ఐదు శాతం లోపు తేడా ఉంటే నమ్మొచ్చు. తేడా సున్నా వస్తే మాత్రం సోడియం నిజంగా కొలిచారా, తీసివేతలో రాబట్టారా అని అడగండి. రెండోది చేస్తే రిపోర్టు ఎప్పుడూ అందంగానే సరిపోతుంది.

వ్యవసాయంలో ఈ మిగులు సోడాకే ఆర్‌ఎస్‌సీ అని పేరు: కార్బనేట్, బైకార్బనేట్ కలిపినదాంట్లోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేయగా మిగిలినది. లీటరుకి 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉంటే భయం లేదు. 2.5 దాకా జాగ్రత్తగా వాడుకోవచ్చు. అది దాటితే సరిచేయకుండా పెట్టకూడదు. సరిచేయడమంటే కాల్షియంని తిరిగి ఇవ్వడం, అందుకు చవకైన దారి జిప్సం. ఒక మిల్లీ ఈక్వివలెంట్ తగ్గించడానికి లీటరుకి 86 మిల్లీగ్రాముల శుద్ధమైన జిప్సం కావాలి. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 200 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే ఒక మిల్లీ ఈక్వివలెంట్‌కి 17 కిలోలు. ఆర్‌ఎస్‌సీ 4 ఉన్న నీళ్లని 1.5కి దించాలంటే 43 కిలోలు, బస్తాలో ఉన్నది 80 శాతం శుద్ధమైతే 54 కిలోలు. తడికి ఒక బస్తా మీద కాస్త. పొడిని నీళ్ల మీద చల్లితే తేలిపోయి ఒక మూల చేరుతుంది. బోరు నీళ్లు పడే తొట్టిలో గడ్డ జిప్సం పరిచి నీళ్లు దాని మీదుగా పారేలా చేస్తే పోయే కొద్దీ కరుగుతుంది. గడ్డల మీద పాకుడు, మట్టి పడితే కరగడం ఆగిపోతుంది, అప్పుడప్పుడు కదిపి కడగాలి.

డ్రిప్పు ఉన్నవాళ్లు ఈ నీళ్లలో కాల్షియం నైట్రేట్ కలిపితే చిక్కు: కాల్సైట్ డ్రిప్పర్ల మూతుల్లోనే దిగి అడ్డం పడుతుంది. ముందు యాసిడ్‌తో పీహెచ్ 6.5 దగ్గరికి దించి బైకార్బనేట్ తగ్గించాకే కాల్షియం కలపాలి.

జిప్సం వేసి రెండు పంటలైనా నేల మారలేదంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. కాల్షియం మట్టిలోకి వెళ్లి సోడియంని బయటికి నెట్టింది. ఆ సోడియం సల్ఫేట్‌గా మారి అక్కడే ఉండిపోయింది, ఎండాకాలం మళ్లీ పైకి లేచింది. దాన్ని కడిగి దించడానికి పొలం చివర మురుగు కాలువ మడి మట్టం కంటే కనీసం మూడడుగుల లోతుండాలి. రెండోసారి జిప్సం బస్తాలకి డబ్బు పెట్టేముందు ఆ కాలువ పూడిక తీయించండి.